ప్రజ్ఞా సిద్ధాంతాలు: పరిగి, ధర్మవరం ప్రాంత వృత్తుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

మనిషి ప్రజ్ఞ ఒకటేనా, అనేకమా అన్న ప్రశ్న మనోవిజ్ఞానశాస్త్రంలో శతాబ్దానికి పైగా చర్చలో ఉంది. ప్రధానమైన ప్రజ్ఞా సిద్ధాంతాలను పరిచయం చేసి, శ్రీ సత్యసాయి జిల్లాలోని పరిగి, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల వృత్తులకు వాటిని అన్వయించడం, ఆ అన్వయానికి గల పరిమితులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: ప్రజ్ఞ, ప్రజ్ఞాలబ్ధి, బహుళ ప్రజ్ఞలు, పట్టుపరిశ్రమ, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:

1905లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ తొలి ప్రజ్ఞామాపనిని రూపొందించారు. పారిస్ పాఠశాలల్లో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలను గుర్తించడమే దాని లక్ష్యం. పిల్లవాని ప్రజ్ఞను మార్పులేని పరిమాణంగా చూడడాన్ని బినే అంగీకరించలేదు. 1912లో విలియం స్టెర్న్ మానసిక వయస్సును వాస్తవ వయస్సుతో భాగించే లబ్ధిని సూచించాడు. 1916లో లూయిస్ టెర్మన్ దానిని 100తో గుణించి ప్రజ్ఞాలబ్ధిగా ప్రచారంలోకి తెచ్చాడు. సహాయానికి పుట్టిన పరీక్ష క్రమంగా మనుషులను వర్గీకరించే ముద్రగా మారింది. తరగతి గదిలో మార్కులను బట్టి ‘మందబుద్ధి’ అని తీర్మానించే అలవాటు ఈ ఆలోచనకు దగ్గరిదే.

2. ఏకత్వం - అనేకత్వం:

ఒక పరీక్షలో రాణించినవారు సాధారణంగా ఇతర పరీక్షల్లోనూ రాణించడాన్ని చార్లెస్ స్పియర్‌మన్ 1904లో గమనించి, అన్నింటి వెనుక ఒక సామాన్య కారకం, ప్రతి పనికి ఒక విశిష్ట కారకం ఉంటాయన్నాడు. ఇదే ద్వికారక సిద్ధాంతం. లూయిస్ థర్‌స్టన్ 1938లో ఏడు ప్రాథమిక మానసిక సామర్థ్యాలను ప్రతిపాదించాడు.

హోవర్డ్ గార్డ్‌నర్ 1983లో చర్చను పరీక్షా పత్రం నుండి సంస్కృతి వైపు మళ్లించాడు. ఒక సంస్కృతి విలువనిచ్చే సమస్యలను పరిష్కరించే, వస్తువులను సృష్టించే సామర్థ్యమే ప్రజ్ఞ అని ఆయన భావన. భాషా, తార్కిక-గణిత, సంగీత, శారీరక-గతి, ప్రాదేశిక, వ్యక్త్యంతర, వ్యక్త్యంతర్గత ప్రజ్ఞలకు తరువాత ప్రకృతి ప్రజ్ఞను చేర్చాడు. 1985లో రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ విశ్లేషణాత్మక, సృజనాత్మక, ఆచరణాత్మక సామర్థ్యాలతో త్రిముఖ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు.

3. ప్రాంతీయ అన్వయం:

పరిగి, హిందూపురం పరిసరాల్లో మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం ప్రధాన జీవనాధారాలలో ఒకటి. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. రైతులు ఈ దశను ‘జ్వరం’ అంటారు. అప్పుడు పురుగు మేత ముట్టదు. ఆకు ఎప్పుడు ఆపాలో, తిరిగి ఎప్పుడు వేయాలో, పండిన పురుగును చంద్రికపైకి ఎప్పుడు చేర్చాలో పురుగు రంగును, కదలికను చూసి నిర్ణయించాలి. దీనిని గార్డ్‌నర్ ప్రకృతి ప్రజ్ఞగానూ, స్టెర్న్‌బర్గ్ ఆచరణాత్మక సామర్థ్యంగానూ వివరించవచ్చు.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల తయారీకి ప్రసిద్ధం. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. బొమ్మలాటగాడు తెర వెనుక బొమ్మను ఆడిస్తూ, పద్యం పాడుతూ, సంభాషణ పలుకుతూ, కాలి కింద చెక్కను తొక్కి చప్పుడు పుట్టిస్తాడు. జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యాన్ని ప్రేక్షకుల స్పందనను బట్టి పెంచుతాడు, తగ్గిస్తాడు. భాషా, సంగీత, శారీరక, ప్రాదేశిక, వ్యక్త్యంతర ప్రజ్ఞలు ఒకే క్షణంలో కలిసి పనిచేసే సందర్భమిది.

4. అన్వయ పరిమితులు:

ఈ ఉదాహరణలు బహుళ ప్రజ్ఞా సిద్ధాంతాన్ని నిరూపించవు. సామర్థ్యాలు కలిసి పనిచేయడం వేరు, అవి పరస్పరం స్వతంత్రమైనవని తేలడం వేరు. గార్డ్‌నర్ ప్రజ్ఞలకు తగిన కొలమానాలు లేవని, వాటిలో కొన్ని నైపుణ్యాలు మాత్రమేనని విమర్శకులు వాదించారు. స్పియర్‌మన్ గమనించిన పరస్పర సంబంధం నేటి పరీక్షల్లోనూ కనిపిస్తోంది.

అయితే పరీక్షా సందర్భం సామర్థ్యాన్ని మరుగుపరచగలదనడానికి ఆధారముంది. 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బ్రెజిల్‌లోని రెసిఫే నగర వీథుల్లో సరుకులు అమ్మే ఐదుగురు పిల్లలు అంగడిలో 98 శాతం లెక్కలకు సరైన జవాబిచ్చారు. అవే లెక్కలను కేవలం అంకెలుగా ఇచ్చినప్పుడు అది 37 శాతానికి పడిపోయింది. పిల్లలు మారలేదు, లెక్కలూ మారలేదు. మారినది అడిగిన తీరు మాత్రమే.

మరొక ప్రమాదం కూడా ఉంది. మగ్గం పనివారి బిడ్డకు ‘శారీరక ప్రజ్ఞ’ ఉందని ప్రశంసించి గణితానికి దూరం చేస్తే, పాత ముద్ర పోయి కొత్త ముద్ర పడినట్లే. వృత్తులు కులాన్ని అనుసరించి సంక్రమించిన సమాజంలో శిక్షణ వల్ల అబ్బిన నేర్పును జన్మతః వచ్చిన ప్రజ్ఞగా పొరబడే అవకాశం ఎక్కువ. నిమ్మలకుంట నేర్పు చిన్ననాటి నుండి తెర వెనుక చేసిన సాధన ఫలం.

5. ముగింపు:

• ప్రజ్ఞ ఒకటా, అనేకమా అన్న వివాదం తీరకపోయినా, ఒక్క పరీక్ష మనిషి సామర్థ్యమంతటినీ కొలవలేదు.
• బహుళ ప్రజ్ఞా సిద్ధాంతం విద్యార్థులను విడదీయడానికి కాక, ఒకే పాఠ్యాంశాన్ని పలు మార్గాల్లో బోధించడానికి ఉపకరించాలి.
• పట్టుగూళ్ల లెక్క నుండి గణితంలోకి, తోలుబొమ్మ సంభాషణ నుండి సాహిత్యంలోకి విద్యార్థిని నడిపించడమే ఈ ప్రాంత అధ్యాపకులకు ఆ సిద్ధాంతం అందించగల ప్రయోజనం.