చక్రము చెప్పెడి మాట

ఎడ్లబండి ఇరుసు కిర్రుమన్నచో బండివాడు దిగి కందెన వేసెడివాడు. మోటారుకారు చక్రము అంత బాహాటముగా మొరపెట్టదు. దాని బేరింగు అరుగ మొదలిడినపుడు వినవచ్చునది సన్నని హోరు. అది వేగముతో పెరుగును, వేగముతో తగ్గును. ఇంజనును న్యూట్రలులో ఉంచినను పోదు. పాటలు వినుచు ప్రయాణము చేయువారికి నెలల తరబడి ఆ హోరు తెలియకపోవచ్చును. రేడియో ఉద్యోగి చెప్పదగిన మాట కాదు గాని, అనుమానము కలిగిన నాడు కొంతసేపు మా గొంతు ఆపివేసి చక్రము మాట వినుడు.

బేరింగనగా రెండు ఉక్కు వలయములు, వాని నడుమ దొర్లెడి గుండ్లో రోలర్లో. బండి ఇరుసునకు గుండ్ల బేరింగును అమర్చుటకు 1794లో వేల్సు దేశపు ఫిలిప్ వాన్ పేటెంటు పొందెను. ఒక కొన సన్నగిల్లిన రోలర్లతో బేరింగు చేసి 1898లో పేటెంటు పొందిన అమెరికా దేశీయుడు హెన్రీ టిమ్కెన్ గుఱ్ఱపుబగ్గీలు చేయించినవాడే. బండి బరువును, మలుపులలో పక్కనుండి వచ్చు ఒత్తిడిని కూడ అట్టి రోలర్లు ఓర్చుకొనును. ఉక్కునకును ఉక్కునకును నడుమ గ్రీజు పొర నిలిచినంతకాలము భయము లేదు. ఆ పొరకు పరమశత్రువు నీరు. దూరప్రయాణములో వేడెక్కిన చక్రము వాననీటిలో దిగినపుడు లోపలి గాలి ముడుచుకొని, సీలు సందునుండి నీటిని పీల్చును. త్రుప్పు పట్టినచోట గుంటలు పడును. రోలర్లు ఆ గుంటలపై దొర్లుటయే మనము వినెడి హోరు. దానిని ఉపేక్షించినచో బేరింగు పట్టివేయవచ్చును; చక్రమే ఊడిపోవచ్చును.

టైరు కూడ హోరుమనును. అయితే తారురోడ్డు దాటి సిమెంటురోడ్డు ఎక్కగానే టైరు గొంతు మారును. బేరింగు గొంతు అంతగా మారదు. జనసంచారము లేని రోడ్డుపై, మితవేగమున, కారును మెల్లగా ఎడమకు తిప్పుడు. బరువు కుడి చక్రములపై పడును. అపుడు హోరు హెచ్చినచో కుడివైపు బేరింగును అనుమానింపవచ్చును. పిదప గట్టినేలపై జాకీ ఎత్తి, స్టాండుపై నిలిపి, చక్రమును పైనను క్రిందను పట్టి ఊపిచూడవలెను. ఊగిసలాట ఉన్నచో మరియొకరిచే బ్రేకు తొక్కించుడు. ఊగుట ఆగినచో లోపము బేరింగుది. ఆగనిచో చక్రమును మోసెడి కీళ్లలో వెదుకవలెను.

ఇంజను శక్తి ముందు చక్రములకు అందని పాతరకపు కార్లలో ఈ పని ఓపికగల గృహస్థు కూడ చేసికొనదగినదే. మూత, చీల, నట్టు తీసి హబ్బును లాగవలెను. లోపలి వలయమును మార్చి వెలుపలి పాతవలయమును ఉంచుట దండుగ. రెండును జంటగానే మార్చవలెను. సీలు, చీల క్రొత్తవే వేయవలెను. హబ్బును కిరసనాయిలుతో కడిగి, బాగుగా ఆరిన పిదప, అరచేత గ్రీజు పెట్టుకొని రోలర్ల సందులలోనికి ఎక్కించవలెను. చక్రమును త్రిప్పుచు నట్టు బిగించి, మరల రవ్వంత వదులు చేయవలెను. ఎంత వదులన్నది ఆ కారు పుస్తకములో ఉండును. బలమంతయు చూపుట ఇచట పనికిరాదు.

నేటి కార్లలో పెక్కింటికి బేరింగు మూసిన బిళ్లగా వచ్చును. దానిని ప్రెస్సు యంత్రముతో ఎక్కించవలెనే కాని సుత్తితో కొట్టరాదు. హబ్బులోనికి దించునపుడు వెలుపలి వలయముపైననే ఒత్తిడి ఉండవలెను. లోపలి వలయముపై ఒత్తినచో క్రొత్త బేరింగునకు తొలిదినముననే గుంటలు పడును. కొన్నింటి సీలులో చక్రవేగమును కొలుచు అయస్కాంతపు పట్టీ ఉండును. తిరగవేసి బిగించినచో బ్రేకు హెచ్చరికదీపము వెలుగును. ఈ పని మంచి మెకానికునకు అప్పగించుట మేలు.

ఏ రకమైనను, బిగించిన పిదప బ్రేకు ఎక్కువగా తొక్కక కొన్ని కిలోమీటర్లు నడిపి, హబ్బునకు దగ్గరగా చేయి చాపి వేడిమి చూడుడు. గోరువెచ్చగా ఉన్నచో సరే. సెగ తగిలినచో నట్టు బిగువు హెచ్చినదేమో వెంటనే చూపించవలెను.