పాత ట్రాక్టరు క్లచ్: విప్పే ముందు చూడాల్సినవి

ఇంజన్ తిరుగుతూనే ఉండగా దాని బలాన్ని గేరుబాక్సుకు అందించేది, కావాలన్నప్పుడు ఆపేది క్లచ్. ఇంజన్ వెనక ఫ్లైవీలు, దాన్ని ఆనుకుని క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును స్ప్రింగుల బలంతో అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు ఉంటాయి. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెజర్ ప్లేటు మీటలను, అంటే ఫింగర్లను, నొక్కుతుంది. ప్రెజర్ ప్లేటు వెనక్కి తగ్గి క్లచ్ ప్లేటును వదిలేస్తుంది. కొన్ని మోడళ్లలో క్లచ్ రెండు అంచెలది: పెడల్ సగం తొక్కితే బండి ఆగుతుంది, పూర్తిగా తొక్కితే రోటవేటరును తిప్పే పీటీఓ కూడా ఆగుతుంది.

గుంటూరు జిల్లా కొల్లిపర ప్రాంతంలో ఈ భాగానికి విశ్రాంతి తక్కువ. కాలవలకు నీళ్లు వదిలాక ఇనుప చక్రాలతో దమ్ము, కృష్ణ లంకల్లో పసుపు, అరటి పనులు, మధ్యలో ట్రక్కు తోలడం. దమ్ములో బురదనీరు క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగులోకి చేరుతుంది. చాలా పాత మోడళ్లలో దాని అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది బురదతో పూడితే నీళ్లు, కారిన ఆయిలు లోపలే నిలిచిపోతాయి. అసలు జబ్బు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

ఇంజన్ రొద పెరిగినా బండి కదలకపోతే ప్లేటు జారుతోందని అర్థం. చదును నేల మీద, ముందు ఎవరూ లేనప్పుడు బ్రేకులు గట్టిగా పట్టి, పై గేరు వేసి క్లచ్ వదిలి చూడాలి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టే. ఆగకుండా తిరిగితే జారుతున్నట్టు. ఈ పరీక్ష ఒకసారి చాలు, మళ్లీ మళ్లీ చేస్తే ప్లేటు మాడిపోతుంది. పెడల్ మొత్తం తొక్కినా గేరు కరకరమంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదు. పెడల్ మీద కాలు ఆనించగానే కీచుమంటే రిలీజ్ బేరింగును అనుమానించాలి.

క్లచ్‌ను చేరడానికి ట్రాక్టరును రెండుగా విడదీసే ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పని మొదలయ్యేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం, కొలవడం తప్పనిసరి. ఎంత ఉండాలన్నది ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. బొత్తిగా లేకపోతే బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లకు రాసుకుంటూ ప్లేటును జారనిస్తుంది. ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు. రాడ్డు సర్దితే నయమయ్యే లోపానికి బండి విడదీయడం వృథా ఖర్చు. అరిగిన పెడల్ పిన్నులు, బుష్‌లు కూడా ఇలాగే మోసం చేస్తాయి.

సర్దినా లాభం లేకపోతేనే విడదీయాలి. బ్యాటరీ వైరు తీసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజన్ పక్కకు ఒరగకుండా ముందు ఇరుసుకు, దాని ఆధారానికి మధ్య చెక్క వెడ్జీలు దిగగొట్టాలి. ఈ వెడ్జీలను నిర్లక్ష్యం చేయకూడదు; విడిపోయిన ఇంజన్ ఒరిగితే మనిషి ప్రాణం పోతుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే వీలుంది కాబట్టి దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

లైనింగ్ రివెట్ల దాకా అరిగితే ప్లేటు మార్చాలి. ఆయిలు పట్టిన ప్లేటును కడిగి వాడినా మళ్లీ జారుతుంది. క్రాంక్ వెనక సీలో, గేరుబాక్సు ముందు సీలో కారుతున్న చోటు కనిపెట్టి సీలు మార్చకపోతే కొత్త ప్లేటు కూడా పాడవుతుంది. ఫ్లైవీలు మీద గీతలు పడితే లేతు మీద చదును చేయించాలి. కొత్త ప్లేటును మధ్యకు కుదర్చడానికి పాత గేరుబాక్సు షాఫ్టు పనికొస్తుంది. ఫింగర్లన్నీ సమాన ఎత్తులో ఉండాలి, లేకపోతే బండి అదురుతూ కదులుతుంది.

2009 అక్టోబరులో, 2024 సెప్టెంబరులో కృష్ణ వరద ఈ లంకలను ముంచింది. అలా మునిగిన ట్రాక్టరులో ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవచ్చు. నీరు తగ్గగానే అడుగు రంధ్రం తెరిచి, నీటిని కార్చి, ఆరబెట్టాలి. నెలల తరబడి షెడ్డులో ఉంచే బండికి పెడల్ తొక్కిపెట్టి కర్ర ఆనిస్తే ప్లేటు అతుక్కోదు. దమ్ముకు దిగే రైతులు, డ్రైవర్లు పెడల్ మీద కాలు ఆనించి తోలే అలవాటు మానాలి. దానివల్ల ప్లేటు త్వరగా అరుగుతుంది.