తక్కువ ఖర్చులో గేమింగ్‌ కంప్యూటర్‌

సికింద్రాబాద్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌ వంటి చోట్ల విడిభాగాలు కొని అసెంబుల్‌ చేయించుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. అయితే దేనికెంత కేటాయించాలో ముందే తేల్చుకోకుంటే సొమ్ము వృథా అవుతుంది.

గ్రాఫిక్స్‌ కార్డు: ఆటల్లోని దృశ్యాలను సిద్ధం చేసేది ఇదే. బడ్జెట్‌లో పెద్ద వాటా దీనికే ఇవ్వాలి. డబ్బు చాలకుంటే అంతర్గత గ్రాఫిక్స్‌ ఉన్న రైజెన్‌ 5 5600జి వంటి ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, కార్డును తర్వాత చేర్చుకోవచ్చు. ఇంటెల్‌లో పేరు చివర ‘ఎఫ్‌’ ఉన్న ప్రాసెసర్లలో ఈ సదుపాయం ఉండదు.

ర్యామ్‌: 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు అమర్చితే వేగం పెరుగుతుంది. అంతర్గత గ్రాఫిక్స్‌ వాడేవారికి ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

పవర్‌ సప్లై: పొదుపు చేయకూడనిది ఇక్కడే. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ పాడైతే మదర్‌బోర్డు, గ్రాఫిక్స్‌ కార్డు కూడా దెబ్బతినే ప్రమాదముంది. ‘80 ప్లస్‌’ గుర్తు విద్యుత్‌ ఆదాకు సంబంధించినదే. షార్ట్‌ సర్క్యూట్‌, అధిక వోల్టేజీల నుంచి రక్షణ ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

వాడిన కార్డులు: 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్‌ నిలిచిపోయాక ఇవి విపణిలోకి వచ్చాయి. నెలల తరబడి నిరంతరాయంగా పనిచేసినవీ వీటిలో ఉండొచ్చు. కనీసం అరగంట ఆట నడిపించి, ఫ్యాన్లు, వేడి పరిశీలించాకే సొమ్ము చెల్లించాలి.

కొత్త భాగాలకు జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోవాలి. వారంటీ కోరేటప్పుడు అదే ఆధారం.