తొంభై రోజుల మెప్పు, పదేళ్ల మన్నిక: కొరియా కుటుంబ బండి కథ

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 ఆగస్టు 8న తొలి సెల్టోస్ కారు ఫ్యాక్టరీ గడప దాటింది. అంతకు రెండేళ్ల ముందు, 2017 ఏప్రిల్‌లో, కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల బండ్లు తీయగల ఫ్యాక్టరీ కట్టింది. 2023 జూలై నాటికి అక్కడ తయారైన బండ్లు 10 లక్షలు దాటాయి. సెల్టోస్ వెనకే సోనెట్, కారెన్స్ వచ్చాయి.

ఇవాళ పల్నాడు జిల్లా రొంపిచెర్ల మండలంలో మిర్చి, పత్తి పండించే కుటుంబం కారు కొనాలనుకుంటే ఆ మాటల్లో కొరియా బండి పేరు తప్పకుండా వస్తుంది. మన రాష్ట్రంలో తయారైందన్న అభిమానం ఉంది. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, చల్లగాలి విసిరే సీట్లు కళ్లకు కనిపిస్తాయి. కానీ ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి పెట్టేది కొన్ని పంటల సొమ్ము. అది పదేళ్లు నిలుస్తుందా అన్న ప్రశ్నకు షోరూంలో జవాబు దొరకదు. బండి పుట్టుపూర్వోత్తరాలు చదివితే దొరుకుతుంది.

కియా 1944లో సియోల్‌లో ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసే చిన్న కార్ఖానాగా పుట్టింది. కొరియా యుద్ధం నడుస్తుండగానే 1952లో స్వదేశీ సైకిల్ తయారుచేసింది. తర్వాత మూడు చక్రాల ట్రక్కులు, ఆపైన కార్లు. 1967లో పుట్టిన మరో కొరియా కంపెనీ హ్యుందాయ్ 1975లో పోనీ కారు తెచ్చింది. 1986లో ఎక్సెల్ అనే చవక కారుతో అమెరికాలో అడుగుపెట్టి, మొదటి ఏడాదే లక్షన్నరకు పైగా అమ్మింది. అమ్మినంత వేగంగానే చెడ్డపేరూ వచ్చింది. బండ్లు తొందరగా పాడయ్యాయి, కొరియా కారంటే నాసిరకం అన్న ముద్ర పడింది.

1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో కియా దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ దాన్ని చేజిక్కించుకుంది. ఆ కాలంలోనే హ్యుందాయ్ అమెరికాలో ఇంజన్, గేర్‌బాక్సులకు 10 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించింది. వారంటీ పెరిగితే పాడైన ప్రతి ఇంజన్ ఖర్చూ కంపెనీ మీదే పడుతుంది. కాబట్టి గట్టిగా తయారుచేయక తప్పదు. 2004లో జె.డి. పవర్ సంస్థ కొత్త బండ్ల నాణ్యతపై చేసిన సర్వేలో హ్యుందాయ్ హోండాతో సమానంగా నిలిచింది. అదే సర్వేలో 2016, 2017 సంవత్సరాల్లో కియా ఏకంగా మొదటి స్థానం తెచ్చుకుంది.

ఈ కథలో అన్నిటికన్నా పెద్ద పాఠం ఇక్కడే ఉంది. ఆ సర్వే అడిగేది బండి కొన్న మొదటి 90 రోజుల్లో వచ్చిన ఇబ్బందుల గురించి మాత్రమే. కియా మొదటి స్థానంలో వెలుగుతున్న 2017లోనే, అమెరికాలో కియా, హ్యుందాయ్ కలిసి దాదాపు 12 లక్షల బండ్లను ఇంజన్ లోపంతో వెనక్కి పిలిచాయి. వాటిలో సొరెంటో, స్పోర్టేజ్, శాంటా ఫే స్పోర్ట్ వంటి కుటుంబ బండ్లున్నాయి.

లోపం చాలా చిన్నది. క్రాంక్‌షాఫ్ట్ లోపల ఆయిల్ పారడానికి సన్నని దారులు తొలుస్తారు. తొలిచినప్పుడు వచ్చిన ఇనుప రజను కొన్ని ఇంజన్లలో పూర్తిగా వదల్లేదు. క్రాంక్‌షాఫ్ట్‌కూ కనెక్టింగ్ రాడ్డుకూ మధ్య బేరింగు ఉంటుంది. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా దాన్ని కాపాడేది పలచని ఆయిల్ పొర ఒక్కటే. రజను అడ్డుపడితే ఆ పొర తెగుతుంది, బేరింగు అరుగుతుంది. ముందు టకటకమని శబ్దం, ఆ తర్వాత హైవే మీద ఇంజన్ పట్టేయడం. ఆ అరుగుదలకు వేల కిలోమీటర్లు పడుతుంది. తొంభై రోజుల సర్వేకు అది కనిపించే అవకాశమే లేదు.

హ్యుందాయ్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసిన కిమ్ గ్వాంగ్-హో అనే ఇంజనీరు, వెనక్కి పిలవాల్సినన్ని బండ్లను పిలవడం లేదని 2016లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థకు తెలియజేశాడు. ఉద్యోగం పోయింది. 2020లో రెండు కంపెనీలూ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఒప్పందానికి తలవంచాయి. 2021లో ఆ ఇంజనీరుకు 2.4 కోట్ల డాలర్లకు పైగా పారితోషికం దక్కింది. ఆయన తెగింపు వల్ల ఎన్ని కుటుంబాలు నడిరోడ్డు మీద ఆగిపోకుండా బయటపడ్డాయో!

యంత్రాల వైఫల్యానికి మూడు దశలుంటాయి. కొత్తలో తయారీ లోపాలు బయటపడతాయి. తర్వాత చాలాకాలం యంత్రం నిలకడగా నడుస్తుంది. చివరికి అరుగుదల మొదలై మళ్లీ రిపేర్లు పెరుగుతాయి. ఎర్రమంచి బండ్లూ దీనికి మినహాయింపు కావు. కారెన్స్ 2022 ఫిబ్రవరిలో విడుదలైతే, అక్టోబరులో 44,174 బండ్లను ఎయిర్‌బ్యాగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షకు పిలిచారు. 2023 ఫిబ్రవరి, జూలై నెలల మధ్య తయారైన సీవీటీ (ఆటోమేటిక్) గేర్‌బాక్సు ఉన్న 4,358 పెట్రోల్ సెల్టోస్‌లను ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కంట్రోలర్ కోసం మరుసటి ఏడాది పిలిచారు. రీకాల్ అనగానే బండి పనికిరాదనుకోవద్దు. లోపం కనిపెట్టి, ఒప్పుకుని, ఉచితంగా సరిచేసే కంపెనీ కొన్నవాడికి మేలు చేస్తున్నట్టే. మూడో దశ ఎలా ఉంటుందో చెప్పాలంటే 2019 నాటి సెల్టోస్‌లను ఇంకొన్నేళ్లు గమనించాలి.

భద్రత లెక్క మళ్లీ వేరు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో 2020లో రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌కు పెద్దల రక్షణలో 3 నక్షత్రాలు వచ్చాయి. 2022లో ఆరు ఎయిర్‌బ్యాగుల కారెన్స్‌కూ 3 నక్షత్రాలే. ఎయిర్‌బ్యాగులు ఎన్నున్నా బాడీ గట్టితనం కూడా తోడవ్వాలి. 2025లో ఇదే ఫ్యాక్టరీలో తయారయ్యే సైరోస్ భారత్ ఎన్‌క్యాప్‌లో 5 నక్షత్రాలు సాధించింది. పరీక్ష నియమాలు మారినా, పట్టుదల ఉంటే గట్టి బండి చేయగలరని ఇది రుజువు చేసింది.

ఇక మన పల్నాడు. రెంటచింతల ఎండ రాష్ట్రమంతా ఎరిగినదే. ఆ వేడిలో ఏసీ, రేడియేటర్, బ్యాటరీ మీద పడే భారం తక్కువేమీ కాదు. డొంకల్లో లేచే దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినదానికన్నా ముందే మూసుకుపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగమసిని పట్టే జల్లెడ ఉంది. అది పట్టిన మసిని కాల్చి తనను తాను శుభ్రం చేసుకోవాలంటే బండి కాసేపు హైవే వేగంతో సాగాలి. రోజూ ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో మసి పేరుకుంటుంది. అలాంటివారికి పెట్రోలే మంచిది. గుంటూరు మిర్చి యార్డుకు, హైదరాబాదుకు తరచూ వెళ్లేవారికి డీజిల్ సరిపోతుంది. టర్బో పెట్రోల్ సెల్టోస్‌లో వచ్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు పొడి క్లచ్చులతో పనిచేస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ల రద్దీలో ఎత్తు మీద అంగుళం అంగుళం పాకినప్పుడు ఆ క్లచ్చులు వేడెక్కుతాయి. అలాంటి చోట యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకుండా బ్రేకు తొక్కి ఉంచాలి.

కాబట్టి బండి బాగుందని ఎవరు చెప్పినా, ఎన్ని నెలలు, ఎన్ని వేల కిలోమీటర్లు చూసి చెబుతున్నారో అడగాలి. కొత్త మోడల్ అయితే మొదటి ఏడాది ఆగి కొనడం మేలు. సెకండ్ హ్యాండ్ అయితే చాసిస్ నంబరు ఇచ్చి, రీకాల్ పనులు పూర్తయ్యాయో లేదో సర్వీస్ సెంటర్లో తేల్చుకోవాలి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఫిర్యాదు చేసేవాళ్లుంటేనే ఆ అధికారం పనికొస్తుంది.

పంట ఖర్చు పుస్తకం రాసుకునే అలవాటు రైతు ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. బండికీ ఒక పేజీ తెరిచి, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ భాగం పోయిందో, ఎంత ఖర్చయిందో రాయాలి. ఊళ్లో ఒకే మోడల్ బండ్లున్న పదిమంది తమ పుస్తకాలను ఐదేళ్ల తర్వాత పక్కపక్కన పెడితే, ఆ బండి పల్నాడు ఎండకు, దుమ్ముకు ఎంత ఆగుతుందో ఏ ప్రకటన కన్నా నమ్మకంగా తెలుస్తుంది. కంపెనీని నిలదీయడానికీ, పక్కింటివాడికి సలహా ఇవ్వడానికీ అంతకు మించిన ఆధారం లేదు.