చలిలో తేనెపెట్టెల తనిఖీ: బాదం కాపుకు తొలి లెక్క

ఫిబ్రవరి నెలలో బాదం పప్పు ధర ఎటు పోతుందన్న ప్రశ్న వస్తే టోకు వర్తకులు సాధారణంగా రెండు విషయాలను ఆరా తీస్తారు. ఒకటి డాలరు మారకపు రేటు, రెండవది పాత పంట నిల్వలు. కొత్త కాపు ఆగస్టుకు గాని చెట్టు దిగదు కనుక దాని ప్రసక్తి అప్పటికి ఎవరూ ఎత్తరు. కాని ఆ కాపు ఏపాటిదన్న ప్రశ్నకు మొదటి సమాధానం అదే ఫిబ్రవరిలో, కాలిఫోర్నియా తోటల్లో, చలిపొద్దున తేనెపెట్టెల మూతలు లేపి చూసే తనిఖీదారుల కాగితాలకు ఎక్కుతుంది.

ప్రపంచంలో పండే బాదంలో నాలుగింట మూడు వంతులకు పైగా కాలిఫోర్నియా రాష్ట్రానిదే. ఆ సరుకును కొనే విదేశాలలో భారతదేశానిది అగ్రస్థానం. మనకు వచ్చేది ఎక్కువగా పెంకుతో ఉన్న కాయే. దానిని ఢిల్లీ పరిసరాల్లో కొట్టించి, పప్పు తీయించి, హైదరాబాదు బేగంబజారు వంటి మార్కెట్లకు పంపుతారు. 2019 జూన్‌లో అమెరికా బాదంపై అదనపు సుంకం విధించడం, 2023 సెప్టెంబరులో దానిని ఎత్తివేయడం వర్తకులకు బాగా గుర్తే. సుంకం సంగతి ప్రభుత్వాలు మాట్లాడుకుంటే తేలుతుంది. పూత వేళ చలి సంగతి ఎవరితో మాట్లాడినా తేలదు.

బాదం చెట్లలో అధిక భాగానికి తమ రకం పుప్పొడి తమకే పనికిరాదు. మన వర్తకులు ఎక్కువ మక్కువ చూపే నాన్‌పరేల్ రకం అటువంటిదే. అందుకే తోటలో ఒక వరుస నాన్‌పరేల్ వేస్తే పక్క వరుసలో మాంటెరే, ఫ్రిట్జ్ వంటి మరొక రకం వేస్తారు. ఒక వరుస పుప్పొడిని మరో వరుసకు చేర్చే కూలీ తేనెటీగ ఒక్కటే. ఎకరానికి రెండు పెట్టెలు మామూలు లెక్క. కాపుకు వచ్చిన తోటలు 13 లక్షల ఎకరాలు దాటినందున, ఏటా 20 లక్షలకు పైగా పెట్టెలు ఆ లోయకు చేరుతున్నాయి. ఒక్కొక్క లారీకి 400 పైచిలుకు పెట్టెల చొప్పున డకోటాల నుంచి, ఫ్లోరిడా నుంచి, ఐడహో నుంచి జనవరి ఆఖరుకల్లా దిగుతాయి. ఐడహోలో కొందరు ఆసాములు శీతాకాలమంతా పెట్టెలను బంగాళాదుంపల గోదాముల్లోనే చల్లగా పేర్చి ఉంచుతారు.

సుమారు 2000 సంవత్సరం ప్రాంతంలో పెట్టె ఒక్కింటికి అద్దె 50 డాలర్లకు అటూ ఇటూగా ఉండేది. ఇటీవలి సంవత్సరాలలో అది 200 డాలర్ల చుట్టూ తిరుగుతోంది. చాలామంది పెంపకందార్లకు తేనె అమ్మకం కంటే ఈ నాలుగైదు వారాల అద్దెయే పెద్ద రాబడి అయింది. మన దేశంలోనూ హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ రైతులు పూత వేళ పెట్టెలను అద్దెకు తెచ్చుకోవడం ఉన్నదే గాని, ఇంత డబ్బు, ఇన్ని షరతులు అక్కడ కానరావు.

చట్రాల లెక్క

అద్దె పెట్టెకు కాదు, పెట్టెలో ఉన్న ఈగలకు. 1852లో లాంగ్‌స్ట్రాత్ పేటెంటు పొందిన నమూనా ప్రకారం పెట్టెలో చట్రాలు విడివిడిగా వేలాడుతాయి. రెండు వైపులా ఈగలు కప్పిన చట్రాన్ని ఒక చట్రంగా లెక్కిస్తారు. అంటే సుమారు రెండు వేల ఈగలు. ఒడంబడికలలో తరచుగా కనిపించే షరతు ఏమంటే, సగటున పెట్టెకు 8 చట్రాలు ఉండాలి, ఏ పెట్టెలోనూ 6 కంటే తగ్గరాదు. కొందరు 4 వరకు ఒప్పుకుంటారు. సగటు మించితే అదనపు సొమ్ము, తగ్గితే కోత, కనీసానికి దిగువన ఉన్న పెట్టెకు అసలు అద్దె ఉండదు.

ఈ ఎనిమిది లెక్కకు కారణం లేకపోలేదు. బలమైన పెట్టె తేగల పుప్పొడి బలహీనమైన పెట్టె తెచ్చేదానికంటే చట్రాల నిష్పత్తిని మించి ఎక్కువని 1970లోనే కాలిఫోర్నియా పరిశోధకులు షీస్లీ, పొడూస్కా ప్రకటించారు. పెట్టెలోని పిల్లపురుగులకు 34, 35 సెంటీగ్రేడు డిగ్రీల వెచ్చదనం కావాలి. నాలుగు చట్రాల కుటుంబంలో ఈగలు చాలావరకు ఆ వేడి కాపాడుతూ ఇంట్లోనే ఉండిపోవాలి. ఎనిమిది చట్రాలున్న చోట ఇంటికి కాపలా పోను తోటకు పంపడానికి మిగులు ఉంటుంది. రెండు చిన్న పెట్టెలు ఒక పెద్ద పెట్టెకు సమానం కాకపోవడానికి మర్మం ఇదే.

తనిఖీకి కౌంటీ వ్యవసాయ కమీషనరు కార్యాలయం వారు గాని, ప్రైవేటు తనిఖీదారులు గాని వస్తారు. అన్ని పెట్టెలూ తెరవరు. పదింటికి ఒకటి చొప్పునో, ఒప్పందాన్ని బట్టి ఇంకా ఎక్కువో ఏరి చూస్తారు. పొగడబ్బాతో రెండు పొగలు వదిలి, మూత తీసి, పై అర నుంచి చట్రాల సందుల్లో ఎన్నిటిలో ఈగలున్నాయో చూస్తారు. తరువాత ఆ అరను వెనక్కు వంచి అడుగు నుంచి మళ్ళీ లెక్కిస్తారు. ఒక్కొక్క చట్రాన్నీ బయటికి లాగి చూడడం మరింత ఖచ్చితమైన పద్ధతి. కాని చలిలో దానికి పెట్టెల ఆసామి సుముఖుడు కాడు. పిల్లపురుగులకు చలి సోకితే చస్తాయి. చట్రాలను అంటించి ఉంచే జిగురు చలికి పెళుసెక్కి ఫట్టున విరుగుతుంది, ఆ కుదుపుకు ఈగలు రేగుతాయి. వాటి మధ్య రాణి ఈగ నలిగిపోతే ఆ పెట్టె ఆ ఏటికి సరి.

తగాదా అంతా ఇక్కడే. చలి 14 డిగ్రీల దిగువకు దిగితే ఈగలు ఒకదానికొకటి ఒత్తుకుని ముద్ద కడతాయి. చలి పెరిగినకొద్దీ ఆ ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. ఉదయం ఏడు గంటలకు అయిదు డిగ్రీల చలిలో ఎక్కువ సందులు ఖాళీగా కనిపించే పెట్టెయే, పదకొండింటికి పదిహేను డిగ్రీల ఎండలో మరి రెండు సందులు నిండి కనబడవచ్చు. ఈగ ఒక్కటీ పెరగలేదు, ముద్ద సడలింది, అంతే. అలాగని మిట్టమధ్యాహ్నం దాకా ఆగితే మేతకు పోయే ఈగలు తోటలో ఉంటాయి గనుక లెక్క మళ్ళీ తగ్గుతుంది. తోట రైతు తనకు నచ్చిన గంట అడుగుతాడు, ఆసామి తనకు నచ్చిన గంట అడుగుతాడు.

డబ్బు లెక్కలో చూస్తే తేడా చిన్నది కాదు. ఒక ఆసామి 400 పెట్టెలు, పెట్టె 200 డాలర్లకు, ఎనిమిది చట్రాల సగటుపై ఇచ్చాడనుకుందాం. మొత్తం 80 వేల డాలర్లు, అంటే చట్రానికి 25 డాలర్లు. తనిఖీ నాడు చలిగాలి వీచి సగటు ఏడుకు పడి, కోత ఆ నిష్పత్తిలోనే ఉంటే 10 వేల డాలర్లు పోయినట్లే. లారీ కిరాయి మాత్రం ఒక్క డాలరూ తగ్గదు. తనిఖీ చేసిన గంట, అప్పటి ఉష్ణోగ్రత కాగితంపై రాయకుండా సంతకం పెట్టే ఆసామి అమాయకుడనే చెప్పాలి.

తనిఖీకి ముందు ఆసామి చేసుకునే పరీక్ష వేరు. మరీ చల్లగా ఉన్ననాడు పెట్టె తెరవడు. వెనుక అంచు పట్టి కాస్త ఎత్తి బరువు చూస్తాడు, చెక్కకు చెవి ఆనించి రొద వింటాడు. బరువు తేలితే తేనె అయిపోయిందన్నమాట. చలికాలం నడిమధ్య కంటే ఆఖరులోనే పెట్టెలు ఆకలితో పోయే ప్రమాదం ఎక్కువ. రాణి గుడ్లు పెట్టడం మొదలై, పిల్లపురుగులను వెచ్చగా ఉంచడానికి నిల్వ తేనె వేగంగా ఖర్చవుతుంది, బయట పువ్వేమో ఇంకా విచ్చుకోదు. చలిలో పల్చటి పానకం ఈగలు ముట్టవు కనుక గట్టి పంచదార ముద్దలు, మాంసకృత్తులు కలిపిన పుప్పొడి ముద్దలు పెడతారు. పంచదార ధర పెరిగితే బాదం ఖర్చుకూ ఆ సెగ కొంత తగులుతుందని మన చక్కెర వర్తకులు ఊహించి ఉండరు.

2025 దెబ్బ

2025 ఫిబ్రవరిలో ఈ లెక్క మరీ బిగుసుకుంది. ఆ చలికాలపు నష్టాలపై జరిపిన సర్వేలో అమెరికా వాణిజ్య పెంపకందార్లు సగటున 60 శాతానికి పైగా పెట్టెలు పోగొట్టుకున్నట్లు తేలింది. వరోవా అనే నల్లి ద్వారా పాకిన వైరస్‌లు చనిపోయిన కుటుంబాలలో కనబడ్డాయని, ఆ నల్లిపై వాడే అమిట్రాజ్ మందుకు నల్లి లొంగకుండా పోయిందని అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు ప్రకటించారు. రెండు బలహీన కుటుంబాలను ఒక పెట్టెలో కలిపి ఆరు చట్రాల గట్టెక్కించడం ఆసాములకు కొత్త కాదు. అయితే అలా కలిపినప్పుడల్లా అద్దె వచ్చే పెట్టె ఒకటి తగ్గుతుంది.

చట్రాలు నిండుగా ఉన్నంత మాత్రాన కాపు ఖాయమని చెప్పడానికీ లేదు. 13 డిగ్రీల దిగువన, వానలో, గంటకు 24 కిలోమీటర్లు మించిన గాలిలో ఈగ పెద్దగా బయటికి రాదు. ఇవేవీ అడ్డురాని గంటలను రోజువారీగా కూడి ‘ఈగ గంటలు’ అని తోటల వారు లెక్క కడతారు. 2020లో సుమారు 310 కోట్ల పౌన్లు పండిన కాలిఫోర్నియాలో 2023 పంట 247 కోట్ల పౌన్ల దగ్గర ఆగిపోయింది. ఆ ఏడు పూత వేళ పెట్టెలు తోటల్లోనే ఉన్నాయి. చలి, వానలే ఈగలను ఎగరనివ్వలేదు. కనుక చట్రాల సగటు ఒక్కటే విని సరుకు కొనడం, ‘ఈగ గంటలు’ ఒక్కటే విని అమ్మడం, రెండూ సగం సమాచారంతో చేసే వ్యాపారమే. అధికారిక తొలి అంచనా మే నెలలో, చెట్టు మీది కాయ లెక్కించి చేసే అంచనా జూలైలో వెలువడతాయి. దీపావళి సరుకు కోసం ముందుగా ఒప్పందాలు చేసుకునేవారికి అవి ఆలస్యపు కబుర్లు.

ఇండిపెండెన్స్, షాస్టా వంటి స్వయం ఫలదీకరణ రకాలు ఇప్పుడు విరివిగా నాటుతున్నారు. వీటికి పెట్టెలు తక్కువ చాలు. కాని నాన్‌పరేల్‌కు ఉన్న గిరాకీ తగ్గనంత కాలం పాత పద్ధతి తోటలూ ఉంటాయి, చలిపొద్దున మూతలు లేపేవారూ ఉంటారు.

మార్చి మధ్యకు పూత రాలి పిందె కట్టడంతో పెట్టెలు మళ్ళీ లారీలెక్కుతాయి. కొన్ని వాషింగ్టన్ రాష్ట్రపు ఆపిల్ తోటలకు, ఆ తరువాత డకోటాల క్లోవర్ గడ్డి మైదానాలకు వెళ్తాయి. తనిఖీ కాగితంపై తగాదా తేలని ఆసామి అద్దె సొమ్ములో మిగిలిన వాయిదా కోసం కాలిఫోర్నియాకు ఫోన్లు చేస్తూనే లారీ వెంట బయలుదేరుతాడు.