నాడి రెండుసార్లు చూడాలి

గురుకులంలో మా ఆచార్యులవారు నాడి చూడనిదే ఔషధం ఇచ్చేవారు కారు. ఇచ్చిన తరువాత మరల చూడనిదే రోగం తగ్గిందని ఒప్పుకొనేవారూ కారు. ఔషధం, ఆహారం, విహారం వలన సుఖం కలిగినదా లేదా అని పరీక్షించుటకు శాస్త్రంలో 'ఉపశయము' అని పేరు. వీథికి చేసే ఆరోగ్య ప్రచారానికీ ఇదే న్యాయం.

వాయువు, జలము, దేశము, కాలము చెడినప్పుడు జనపదమంతా రోగగ్రస్తమగునని చరక సంహిత చెప్పింది. నిలువ నీటికీ జ్వరానికీ నడుమ దోమ ఉన్నదన్న రహస్యం మా మధురానగర్‌కు చేరువనే బయటపడింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. డెంగీని మోసేది ఏడిస్ అనే వేరొక దోమ. అది ఇంట నిలువ ఉన్న నీటిలో గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు ఎనిమిది, పది దినములు పట్టును. అందుచేతనే 2020 మేలో తెలంగాణ పురపాలక శాఖ 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని ప్రజలను కోరింది. వారానికొకసారి నీరు పారబోస్తే ఆ క్రమం తెగిపోతుంది.

ఆ మాటనే కొన్నేళ్ల క్రిందట మా వీథిలో మేమూ ప్రచారం చేశాము. ఎన్ని కరపత్రాలు పంచామో లెక్క వ్రాసుకొన్నాము. ఎన్ని ఇళ్లలో నీరు పారబోశారో చూడలేదు. ఆ వర్షాకాలంలోనే మా మనుమరాలికి డెంగీ వచ్చింది. వెదికితే మా పెరటిలో, మూలికలు నూరే పాత రోటిలో నిలిచిన నీటిలోనే లార్వాలు మెలికలు తిరుగుతున్నవి. సభలో ఉపన్యసించినది నేనే!

కనుక ప్రచారం తలపెట్టేవారు ఈ విధిని పాటించాలి.

1. ఆరంభానికి ముందే కొలవండి. చీట్లు వేసి 50 ఇళ్లను ఎంచండి. పది ఇళ్లలో లార్వాలుంటే నూటికి 20 అన్నమాట. దీనినే గృహ సూచిక అంటారు. ఎంతకు తగ్గించదలచారో అప్పుడే వ్రాసి పెట్టండి.

2. ప్రతి వారం చూడండి. అడిగితే అందరూ "పారబోస్తున్నామండీ" అంటారు. డ్రమ్ము, కూలరు, పూలకుండీ పళ్లెం మీ కంటితో చూడండి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే చోట నీరు పారబోయమనుట అపథ్యమే. అక్కడ మూత, పైన గుడ్డ చెప్పండి.

3. చివర అదే పద్ధతిలో మరల కొలవండి. వానలు తగ్గితే దోమలు వాటంతటవే తగ్గుతాయి. ఆ ఘనత ప్రచారానికి ఇవ్వరాదు. ప్రచారం జరుగని ప్రక్క వీథితో పోల్చండి, లేదా వచ్చే ఏడు అదే మాసంలో చూడండి.

సంఖ్య తగ్గకపోతే సిగ్గుపడనక్కరలేదు. ఔషధం మార్చవలెనని నాడి చెప్పినట్లే భావించండి. జ్వరం వస్తే మాత్రం కషాయాలతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించండి.

మా మనుమరాలు కోలుకొన్నది. రోలు బోర్లించి ఉన్నది. అయినా ప్రతి ఆదివారం దానిని ఒకసారి చూచి వస్తాను.