మారిషస్ ద్వీపము

గద్వాల పట్టణమునకు చేరువలో కృష్ణానది పాయలుగా చీలి మరల కలియును. ఆ పాయల నడుమ గుర్రంగడ్డ యను పల్లె కలదు. తరతరములుగా ఆ పల్లెవాసులు పుట్టిమీదనో పడవమీదనో ఏరు దాటుచు వచ్చిరి. ఉప్పు కావలెనన్నను, వైద్యుడు కావలెనన్నను నీరు దాటవలసినదే. ఇట్టి గడ్డ యొకటి నదిలోగాక మహాసముద్రము నడుమ నుండి, అదియే ఒక స్వతంత్రదేశమైనచో అందలి జనుల బ్రతుకు ఎట్లుండును? మారిషస్ అట్టి దేశము. అందు తెలుగువారును కలరు.

ఈ ద్వీపము హిందూమహాసముద్రపు నైరుతి భాగమున, మడగాస్కరునకు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరమున నున్నది. రోడ్రిగ్స్ మొదలగు చిన్న దీవులతో కూడి దేశవైశాల్యము సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. అనగా రమారమి వనపర్తి జిల్లా యంత. నాగర్‌కర్నూలు జిల్లాలో మూడవవంతైనను కాదు. ఇంత చిన్న నేలమీద పన్నెండు లక్షలకు పైగా జనులు నివసించుచున్నారు. భూమధ్యరేఖకు దక్షిణమున నుండుటచే అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులు. మనము సంక్రాంతి చలికి దుప్పటి కప్పుకొనునప్పుడు వారికి ఎండలును తుపానులును. మనము వైశాఖమున చెట్టునీడ వెదకుకొనునప్పుడు వారికి చల్లని కాలము ప్రవేశించును.

సముద్రగర్భమునుండి లేచిన అగ్నిపర్వతములచే ఈ దీవి ఏర్పడినది. ఆ అగ్ని చల్లారి యుగములు గడచినవి. నడుమ పీఠభూమి, దాని చుట్టును విరిగిన కోటగోడవలె కొండలు, తీరమున పగడపు దిబ్బలు కలవు. ఆ దిబ్బలు అలల తాకిడిని దూరముననే ఆపుటచే ఒడ్డున నీరు చెరువువలె నిశ్చలముగా నుండును. అత్యున్నత శిఖరము 828 మీటర్లు మాత్రమే. ఆగ్నేయమునుండి వీచు గాలులు తెచ్చిన మేఘములు పీఠభూమిమీద విరివిగా వర్షించి, పడమటి తీరమును చేరునప్పటికి వట్టిపోవును.

నేలనిండ నల్లరాళ్లు. రాళ్లు ఏరనిదే పంట లేదు. పాలమూరు చేలగట్లపై పేర్చిన రాళ్లను చూచినవారికి ఇది క్రొత్త సంగతి గాదు. అయితే మారిషస్‌లో చెరకు తోటల నడుమ ఆ రాళ్లు పెద్ద గుట్టలుగా నేటికిని నిలిచియున్నవి. వానిని పేర్చినవారు మొదట బానిసలు. తరువాత మన దేశపు కూలీలు.

యూరోపియనులు వచ్చునాటికి ఈ దీవిలో నివసించు మనుష్యులు లేరు. ఎగురలేని డోడో యను పెద్దపక్షి అచ్చట నిర్భయముగా తిరుగుచుండెను. 1598లో డచ్చివారు వచ్చి, తమ రాజకుమారుడైన మారిస్ పేరు దీవికి పెట్టిరి. జావా నుండి చెరకును తెచ్చిరి. నల్లచేవ మ్రాకులను నరికిరి. నూరేండ్లు తిరుగకముందే డోడో జాతి అంతరించెను. 1710లో డచ్చివారు వెడలిపోగా 1715లో ఫ్రెంచివారు దీవిని ఆక్రమించి, మడగాస్కరు నుండియు తూర్పు ఆఫ్రికా నుండియు బానిసలను తెచ్చి తోటలు వేయించిరి. 1810లో ఆంగ్లేయులు దీవిని గెలుచుకొనిరి. అయినను ఫ్రెంచి భాష తొలగలేదు. బానిసల నోట ఫ్రెంచి మాటలు కరగి క్రియోల్ అను భాష పుట్టినది. ఇప్పుడు దీవిలో ఇంటింట మాటలాడునది అదియే.

1835లో బానిసత్వము రద్దయ్యెను. ప్రభుత్వము నష్టపరిహారము నిచ్చినది. బానిసలకు గాదు, వారి యజమానులకు! స్వేచ్ఛ పొందినవారు తోటలను విడిచిపోవుచుండగా, చెరకు నరకుటకు చేతులు కావలసివచ్చెను. అంతకు ముందే, 1834 నవంబరు 2వ తేదీన, అట్లాస్ అను ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగియుండిరి. నాటినుండి ఇరువదవ శతాబ్దపు తొలియేండ్ల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ రేవున దిగిరి. వారు మెట్లెక్కి నేలపై నడచిన ఆ స్థలము 'ఆప్రవాసీ ఘాట్' అను పేర 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

అట్లు వెళ్లినవారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల తెలుగువారు కలరు. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవు పేరనే వారిని ఆ దీవిలో 'కోరంగీలు' అని పిలిచిరి. మన గద్వాల, వనపర్తి సీమలు అప్పుడు నిజాము రాజ్యములోని సంస్థానములు. ఓడలెక్కినవారు ముఖ్యముగా కోస్తావారే. కాని వారి కథ మనకు పరాయిది కాదు. కరువునాట మేస్త్రీ ఊరికి వచ్చి, చేతిలో కొంత ముందు సొమ్ము పెట్టి, గుంపును కట్టి, దూరదేశపు ఆనకట్ట పనులకు కొనిపోవుట పాలమూరు పల్లెలలో వినని యిల్లు లేదు. మారిషస్‌లో ఆ మేస్త్రీని సర్దారు అనిరి. ఒప్పందము అయిదేండ్లు. జీతము నెలకు సుమారు అయిదు రూపాయలు, తిండిగింజలు. ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ల కూలి కోసివేసెడివారు. జ్వరపడినవాడు ఒకవంక ఒడలు మండుచుండగా మరియొకవంక లెక్కలో అప్పుపడుచుండెను. అనుమతి చీటి లేక తోట దాటినవానిని రక్షకభటులు పట్టుకొనెడివారు. 1871లో వేలకొలది కూలీలు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను తెల్లదొర సాయముతో గవర్నరునకు మొర పెట్టుకొనగా, మరుసటి యేట విచారణకై రాజసంఘము నియమింపబడెను. కష్టములు ఒక్కసారిగా తీరలేదు. కాని తరువాతి దశాబ్దములలో తోటల యజమానులు నష్టములపాలై భూమిని ముక్కలుగా అమ్మినప్పుడు, పైసపైస కూడబెట్టిన కూలీలే దానిని కొనిరి. కూలివాని కొడుకు రైతయ్యెను.

1968 మార్చి 12న దేశము స్వతంత్రమయ్యెను. 1992లో అదే దినమున గణతంత్రమయ్యెను. స్వాతంత్ర్యమునాటికి ఎగుమతులలో నూటికి తొంబది పాళ్లకు మించి చక్కెరయే. ఒక పంటమీద బ్రతుకు దేశమునకు ఒక తుపానే చాలును. 1960లోని కారొల్ తుపాను ఆ సంగతిని చాటినది. జేమ్స్ మీడ్ అను ఆర్థికవేత్త 1961లో, జనాభా పెరుగు ఈ దీవికి మంచి రోజులు కష్టమని వ్రాసెను. ఆయన సామాన్యుడు కాడు, తరువాత నోబెలు బహుమతి పొందినవాడు. అయినను ఆయన భయపడినట్లు జరుగలేదు. 1970లో ఎగుమతి పరిశ్రమలకు పన్ను రాయితీలు కల్పించిరి. బట్టల కర్మాగారములు వెలసినవి. వేలకొలది స్త్రీలు తొలిసారి నెలజీతము కండ్ల చూచిరి. 1975 నాటి ఒడంబడికచే యూరోపు దేశములు వీరి చక్కెరకు మంచి ధర నిచ్చినవి. ఆ ఒడంబడిక 2009లో ముగిసిన పిదప చిన్నరైతు లనేకులు చెరకు మానివేసిరి. ఇప్పుడు పర్యాటకులు, బ్యాంకు వ్యవహారములు దీవికి ముఖ్యాధారములు. చెరకు పిప్పిని మండించి విద్యుత్తు తీయుచున్నారు. విచిత్రమేమనగా, ఒకనాడు ఒప్పందపు కూలీలు దిగిన ఆ దీవిలోనికి బట్టల మిల్లులకై బంగ్లాదేశము మొదలగు దేశములనుండి ఒప్పందముమీదనే పనివారు వచ్చుచున్నారు.

2020లో మహమ్మారి వలన పర్యాటకులు రాకపోయిరి. ఆ యేడే జులై 25న వకాషియో అను ఓడ ఆగ్నేయ తీరపు పగడపు దిబ్బపై కూర్చుండెను. ఆగస్టులో దాని చమురు సముద్రములోనికి కారగా, జనులు వేలకొలదిగా తీరమునకు వచ్చి, గుడ్డసంచులలో చెరకు ఆకును కూరి, కుట్టి, నీటిపై పరచి చమురును అడ్డగించిరి.

తెలుగువారు దీవి జనాభాలో స్వల్పభాగము. ఐనను ఉగాది అచ్చట దేశమంతటికి సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపము చుట్టును తిరుగుచు చేయు రామభజనము నేటికిని సాగుచున్నవి. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచ్చటనే జరిగెను. బడిలో తెలుగు నేర్పుదురు. కాని ఇంట తెలుగు మాటలాడువారు అరుదు. భజన పాటను తప్పులేక పాడు పిల్లవాడు దాని అర్థమును క్రియోలులో అడిగి తెలిసికొనును. అతనిని నిందింపరాదు, నూట యెనుబది యేండ్లు భాషను మోసికొని వచ్చుట సులభము కాదు.

ఇంటిపేర్లును మారినవి. తండ్రి పేరే కుమారునకు ఇంటిపేరైనది. ఫ్రెంచిలో నవలలు వ్రాయు నతాషా అప్పన్న ఇంటిపేరు మన సింహాచలపు అప్పన్నయే. ఆమె 2023లో తన పూర్వుల ప్రయాణమును గూర్చి ఒక పుస్తకము ప్రకటించినది. కూలీలకు దిగినవెంటనే ఒక్కొక్క సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా చిట్టాలలో వ్రాసిరి. ఆ చిట్టాలు ఇప్పుడు మోకా అను ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మనుమల మనుమలు అచ్చటికి వచ్చి సంఖ్యనుబట్టి తమ పెద్దవారిని వెదకుదురు. తెలుగు రాని గుమాస్తా చెవికి తోచినట్లు వ్రాసిన ఊరిపేరును మరల మరల పలికిచూచి, అది ఏ పల్లెయో ఊహించుకొనుచుందురు.